ఎర్ర గీతకు తెలియని తెలుగు

చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైటును విదేశాలకు పంపే వ్యాపారి కార్యాలయంలోనూ, నెల్లూరు తీరంలో రొయ్యల ఎగుమతి వ్యవహారాలు చూసే గుమాస్తా కంప్యూటర్లోనూ, అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు రాసుకుంటున్న కావలి విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనూ ఇవాళ ఒకే తరహా సాధనం పనిచేస్తూ కనిపిస్తుంది. ఇంగ్లీషులో వాక్యం పూర్తికాగానే తప్పు కింద గీత గీసి, పక్కనే దిద్దుబాటు చూపించి, ఒక్క నొక్కుతో దాన్ని మార్చేసే వ్యాకరణ సాఫ్ట్‌వేర్ అది. ఇంట్లో ఇంగ్లీషు మాట వినకుండా పెరిగి, బతుకుదెరువు కోసం ఆ భాషలో రాయక తప్పని వారికి అది చేసే మేలు చిన్నది కాదు. ఆ మేలు ఎంతవరకు, ఎవరికి అనేది తేల్చుకోకుండా దానిమీద ఆధారపడితే మాత్రం నష్టం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. సూచన తప్పయినప్పుడు గుర్తుపట్టి కాదనగలిగిన వారికే ఈ సాధనం నిండుగా ఉపయోగపడుతుంది. తెలుగు విషయానికి వస్తే ఈ షరతు మరింత గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే తెలుగు గురించి ఈ సాధనాలకు తెలిసింది ఇంకా చాలా తక్కువ.

ఈ సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. 1970ల చివరలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కంప్యూటర్ల కోసం తయారైన రైటర్స్ వర్క్‌బెంచ్ వాక్యాల పొడవు లెక్కగట్టేది, అరిగిపోయిన పదబంధాలను ఏరి చూపేది. 1981లో గ్రామటిక్ వ్యక్తిగత కంప్యూటర్లలోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 95లో అక్షర దోషం కింద ఎర్ర గీత, వర్డ్ 97లో వ్యాకరణ దోషం కింద ఆకుపచ్చ గీత కనబడసాగాయి. 2003లో డేనియల్ నాబెర్ అనే జర్మన్ విద్యార్థి పరిశోధన పత్రంగా మొదలైన లాంగ్వేజ్‌టూల్, 2009లో ఉక్రెయిన్ వారు ముగ్గురు స్థాపించిన గ్రామర్లీ ఆ తర్వాతి అడుగులు. పేర్లు ఎన్ని ఉన్నా లోపల జరిగే పని మూడు రకాలు. మాటను నిఘంటువులో వెదకడం మొదటిది. ఈ మాట తర్వాత ఈ రూపం రాకూడదు అని ముందే రాసిపెట్టిన సూత్రాలతో వాక్యాన్ని పోల్చడం రెండవది. కోట్ల వాక్యాలను చదివిన యంత్రం, ఈ సందర్భంలో సాధారణంగా ఏ మాట వస్తుందో అంచనా కట్టి చెప్పడం మూడవది. రాసిన మనిషి ఏం చెప్పదలచుకున్నాడన్నది ఈ మూడింటిలో దేనికీ నేరుగా తెలియదు.

ఇంగ్లీషు రాసే తెలుగువారికి కలిగే లాభాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. తెలుగులో నామవాచకం ముందు ‘ఎ’, ‘ది’ లాంటి మాటలు ఉండవు కాబట్టి ఇంగ్లీషులో వాటిని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదలాలో మనవాళ్లకు ఏళ్ల తరబడి అంతుపట్టదు. తెలుగులో విభక్తి మాట చివర చేరుతుంది. ఇంగ్లీషులో ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ మాట ముందు నిలబడతాయి, పైగా ఒక్కో సందర్భానికి ఒక్కోటి. ఇలాంటి చిన్న దోషాలు అర్థాన్ని చెడగొట్టకపోయినా, అవతలివారికి రాసినవారి మీద తక్కువ అభిప్రాయం కలిగిస్తాయి. ఇంగ్లీషు మాస్టారి దగ్గర ఎర్ర సిరా దిద్దుబాట్లు చూసుకునే అవకాశం లేని ఊళ్లలో, అదే తప్పును అదే చోట ప్రతిసారీ ఓపికగా చూపించే సాధనం ఉండటం పెద్ద ఆసరా. తన రాతను తాను చదువుకునేటప్పుడు ఎవరి కన్నయినా రాసినదాన్ని కాకుండా రాయాలనుకున్నదాన్నే చూస్తుంది. అలా జారిపోయే మాటను పట్టుకోవడంలో యంత్రం మనిషికంటే నమ్మకమైనది.

అయితే ఆ నమ్మకమే ఎదురు తిరగడం కూడా జరుగుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్నిస్ గాలెట్టా, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగ్గది. 33 మంది విద్యార్థులకు ఒక వ్యాపార లేఖ ఇచ్చి తప్పులు దిద్దమన్నారు. సాఫ్ట్‌వేర్ సాయం లేనప్పుడు, భాషా పరీక్షలో ఎక్కువ మార్కులున్నవారు సగటున 5 తప్పులు, తక్కువ మార్కులున్నవారు 12.3 తప్పులు చేశారు. సాఫ్ట్‌వేర్ గీతలు కనబడేలా ఇచ్చినప్పుడు మొదటి వర్గం తప్పులు 16కు, రెండో వర్గం తప్పులు 17కు చేరాయి. అంటే భాష బాగా వచ్చినవారికి ఉన్న ఆధిక్యం దాదాపు మొత్తం కరిగిపోయింది. గీత పడిన చోటు తప్పేనని, గీత లేని చోటు ఒప్పేనని వారు నమ్మినందువల్ల ఇలా జరిగింది. ఆనాటి సాఫ్ట్‌వేర్ కంటే ఇప్పటివి ఎంతో మెరుగుపడినా ఈ ఫలితం పాతబడలేదు. సాధనం ఎంత బాగుంటే దాన్ని తిరిగి పరిశీలించే అలవాటు అంత తగ్గుతుంది కాబట్టి, మిగిలిన కొద్ది తప్పులు మరింత సులువుగా తప్పించుకుంటాయి.

ఇక తెలుగు సంగతి. ఇక్కడి మొదటి చిక్కు వ్యాకరణం దాకా కూడా రాదు, అక్షరాల దగ్గరే ఆగిపోతుంది. నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని డీటీపీ కేంద్రాల్లో శుభలేఖలు, కరపత్రాలు, సంస్మరణ సంచికలు, స్థానిక రచయితల పుస్తకాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పుటల అమరిక సాఫ్ట్‌వేర్‌లో తయారవుతూ వచ్చాయి. ఆ ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపిస్తుంది గాని, కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలే. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంకేతం కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో, దాని తొలి కూర్పు వెలువడిన 1991 నుంచే తెలుగుకు ప్రత్యేక స్థానం ఉన్నా, అచ్చుపని చాలావరకు దానికి బయటే సాగింది. అలా టైపు చేసిన పుస్తకాన్ని ఏ తెలుగు స్పెల్ చెకర్ ముందు పెట్టినా అది దాన్ని తెలుగుగా గుర్తించదు. యూనికోడ్‌లోకి మార్చినప్పుడేమో వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదిరి, రచయిత చేయని తప్పులు కొత్తగా పుట్టుకొస్తాయి. ఈ ప్రాంతంలో పుస్తకం అచ్చువేసేవారికి అందుకే ఇప్పటికీ ప్రూఫ్ రీడరే దిక్కు.

యూనికోడ్‌లో రాసిన తెలుగుకైనా నిఘంటువు పద్ధతి పూర్తిగా సరిపోదు. ఇంగ్లీషు క్రియకు నాలుగైదు రూపాలుంటే తెలుగు క్రియకు వేలల్లో ఉంటాయి. ‘చెప్పించుకోలేకపోతున్నామనే’ అన్నది ఒకే మాట. అందులో చెప్పడం, చెప్పించడం, తనకోసం చెప్పించుకోవడం, చేతకాకపోవడం, వర్తమానం, ‘మేము’ అన్న కర్త, ‘అనే’ అన్న అనుసంధానం అన్నీ ఇమిడి ఉన్నాయి. ఇలాంటి రూపాలన్నీ ఏ జాబితాలోనూ పట్టవు. లిబ్రే ఆఫీసులోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ వాడే హన్‌స్పెల్ అనే స్పెల్ చెకర్ హంగేరియన్ భాష కోసం పుట్టింది. ఆ భాష కూడా తెలుగులాగే ప్రత్యయాలు పేర్చుకుంటూ పోయేది కాబట్టి, ధాతువును, ప్రత్యయాలను విడదీసి చూసే ఏర్పాటు అందులో ఉంది. తెలుగుకు అలాంటి పదవిశ్లేషణ సాధనాలను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల తయారుచేశారు. కానీ తెలుగులో ప్రత్యయంతో పాటు సంధి కూడా వచ్చి పడుతుంది. ‘వాడెక్కడున్నాడో’ అని కలిపి రాయవచ్చు, ‘వాడు ఎక్కడ ఉన్నాడో’ అని విడదీసీ రాయవచ్చు. రెండూ ఒప్పే. ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో చెప్పేది సూత్రం కాదు, చెవి.

గీత పడని తప్పులు ఇంతకంటే ప్రమాదకరమైనవి. ఒక ఆయకట్టు రైతు తరఫున డీటీపీ కేంద్రంలో టైపు చేస్తున్న అర్జీని ఊహించుకోవచ్చు. ‘కనుపూరు కాలువ పూడిక తీయించి, చెరువు కలుజు బాగుచేయించ ప్రార్థన’ అన్నది అందులోని వాక్యం. తొందరలో ఒక దీర్ఘం జారి ‘కాలువ’ కాస్తా ‘కలువ’ అయిందనుకుంటే నిఘంటువు పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు, ఎందుకంటే కలువ కూడా తెలుగు మాటే. అదే వాక్యంలో ఏ తప్పూ లేని ‘కలుజు’ కింద మాత్రం గీత పడే అవకాశం ఉంది. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే కట్టడాన్ని ఈ ప్రాంతంలో ఆ పేరుతోనే పిలుస్తారు. చెరువుల కింద సేద్యం చేసేవారికి అది రోజువారీ మాట, సాఫ్ట్‌వేర్ చదివిన పాఠాల్లో మాత్రం అరుదైనది. ఒక్క అక్షరం తేడాతో నిఘంటువులో దొరికే మాట ‘కలుపు’ కాబట్టి దిద్దుబాటుగా దాన్నే చూపవచ్చు. గీతను నమ్మి నొక్కినవారి అర్జీ చివరికి కలువ పూడిక తీయించి చెరువు కలుపు బాగుచేయించమని అడుగుతుంది. అసలు తప్పుకు గీత లేదు, గీత పడినది తప్పు కాదు.

అర్థం, అర్ధం అన్న జంట మరో ఉదాహరణ. మొదటిది భావం, రెండవది సగం. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే గనుక ‘నాకు అర్ధం కాలేదు’ అన్న వాక్యం ఏ గీతా లేకుండా దాటిపోతుంది. కూలి, కూలీ కూడా అంతే. సందర్భాన్ని చూసి అంచనా కట్టే కొత్త సాధనాలు ఇలాంటివి కొన్నిటిని పట్టుకోగలుగుతాయి. అయితే అవి నేర్చుకున్న పాఠాల్లోనే ఈ తప్పు విరివిగా ఉంటే, తప్పునే వాడుకగా భావించే వీలుంది. తెలుగు వెబ్‌లో ‘అర్ధం కాలేదు’ ఎంత తరచుగా కనిపిస్తుందో చదివేవారందరికీ తెలుసు.

వ్యాకరణానికి వస్తే, ఇంగ్లీషు కోసం అల్లిన సూత్రాలు తెలుగులో అడుగడుగునా తడబడతాయి. వాక్యానికి క్రియ ఉండి తీరాలన్నది ఇంగ్లీషు నియమం. ‘ఆయన మా ఊరి సర్పంచి’ అన్న తెలుగు వాక్యంలో క్రియే లేదు. కర్త, క్రియ ఒకే వచనంలో ఉండాలన్న సూత్రాన్ని అలాగే వర్తింపజేస్తే ‘తహసీల్దారు గారు పొలం చూశారు’ అన్నది తప్పవుతుంది, ఎందుకంటే కర్త ఏకవచనం, క్రియ బహువచనం. అది గౌరవవాచకమని, అమ్మ విషయంలో ‘వచ్చింది’ అనాలా ‘వచ్చారు’ అనాలా అన్నది మాట్లాడేవారి ఇంటి అలవాటును బట్టి ఉంటుందని సూత్రానికి తెలియాలి. ముందు జరిగిన పనిని చెప్పే ‘వెళ్లి’, ‘చూసి’ వంటి క్త్వార్థకం సంగతి ఇంకా సున్నితమైనది. ‘వెళ్లి చూసి వచ్చాడు’ అన్నప్పుడు మూడు పనులకూ కర్త ఒక్కడే కావాలన్నది నియమం. ‘రాముడు వచ్చి సీత వెళ్లింది’ అంటే వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ ‘వాన పడి రోడ్డు పాడైంది’ అని అందరూ అంటారు, అది తప్పు కాదు. మొదటి పని రెండోదానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా భాష ఒప్పుకుంటుంది. ఇలాంటి తేడాను సూత్రంగా రాయడం సాధ్యమే, దానికి తెలుగు వ్యాకరణాన్ని తెలుగులోంచే చూసిన మనిషి కావాలి.

వాక్యం పొడవు మీద వచ్చే సూచన కూడా ఇలాంటిదే. పొడుగు వాక్యాన్ని విడగొట్టమని ఇంగ్లీషు సాధనాలు చెబుతాయి, ఆ భాషకు అది చాలాసార్లు మంచి సలహాయే. తెలుగు వాక్యం అసమాపక క్రియలను ఒకదాని వెంట ఒకటి నడిపించి, చివర ఒక్క సమాపక క్రియతో ముగుస్తుంది. అది ఈ భాషకు సహజమైన నడక. దాన్ని ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ ‘అతను’, ‘అది’ తగిలించవలసి వచ్చి, చదవడానికి మరింత బరువవుతుంది. దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఉంది. ‘ఈ రోడ్డు ప్రభుత్వం చేత వేయబడింది’ అన్న వాక్యంలో ఏ వ్యాకరణ సూత్రమూ భంగం కాలేదు, కాబట్టి ఏ గీతా పడదు. తెలుగువారెవరూ అలా అనరు. ‘ఈ రోడ్డు ప్రభుత్వం వేయించింది’ అంటారు. అనువాద యంత్రాల వాడకం పెరిగిన తర్వాత ఇలాంటి ‘బడింది’ వాక్యాలు ప్రకటనల్లోనూ కార్యాలయ లేఖల్లోనూ బాగా ఎక్కువయ్యాయి. తప్పులేని తెలుగు వేరు, తెలుగులా ఉండే తెలుగు వేరు. సాఫ్ట్‌వేర్ కొలిచేది మొదటిదాన్నే.

ఇంతకంటే లోతైన ప్రశ్న, ఎవరి తెలుగును ఒప్పుగా తీసుకోవాలన్నది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి చేరాయి. తర్వాత ప్రకాశం అన్న పేరు పెట్టుకున్న ఆ ఒక్క జిల్లాలోనే మూడు వైపుల యాసలు కలిశాయన్నమాట. నెల్లూరు వైపు ‘ఉండాడు’, ‘యాడికి పోతుండావు’, ‘ఎట్టా’ అన్నవి ఇళ్లలో వినబడే మాటలు. ఈ యాసలో కథ రాసే రచయిత పేజీ నిండా గీతలు పడతాయి. ఆ గీతలు రచయితను ఆపలేకపోవచ్చు. బడిలో మొదటిసారి తన ఊరి సంగతి టైపు చేస్తున్న పిల్లవాడికి మాత్రం తన అమ్మ మాట్లాడేది తప్పు భాష అన్న సందేశం అందుతుంది. ఈ నష్టాన్ని ఏ లెక్కలోనూ చూపలేం, అయినా మిగతా అన్నిటికంటే ఇదే పెద్దది.

ఊరి పేర్ల దగ్గర ఇది భావోద్వేగానికి సంబంధించిన విషయంగా మిగలదు, ఆస్తి వ్యవహారం అవుతుంది. నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం వంటి పేర్లలో ‘పాళెం’ అని ళకారంతో రాయడం వాడుక. గుంటూరు, కృష్ణా వైపు అదే మాట ‘పాలెం’. ఏదో ఒకదాన్నే ఒప్పుగా పెట్టుకున్న సాధనం రెండోదాన్ని మార్చమంటుంది. దస్తావేజులో గ్రామం పేరు పాత రికార్డుతో సరిపోలకపోతే, సవరణ దస్తావేజు అని, గుర్తింపు పత్రాలని తిరగవలసి వచ్చేది కక్షిదారే. ఇంటిపేర్లు, సర్వే భాగాల పేర్లు, ‘మొలగొలుకులు’ వంటి పాత వరి రకాల పేర్లు కూడా ఈ కోవలోనివే.

ఒప్పు ఏది అన్న వివాదం తెలుగుకు కొత్త కాదు, ఈ ప్రాంతానికి అసలే కొత్త కాదు. తెలుగులో తెలుగుకు వ్యాకరణం రాసిన తొలి కవిగా పేరొందిన కేతన 13వ శతాబ్దంలో తన దశకుమారచరిత్రను అంకితమిచ్చింది నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కనకే. ఆ తర్వాత 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకు సూత్రాలు కూర్చితే, ఆ కొలతతో బడి వచనాన్ని కొలవడం తగదని 20వ శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి పోరాడవలసి వచ్చింది. ఆ వాదాలన్నీ బహిరంగంగా జరిగాయి. సూత్రం ఎవరిదో, దానికి ఆధారం ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఎదురు ప్రశ్న వేయడం కుదిరింది. ఎర్ర గీత కింద ఎవరి సంతకమూ ఉండదు. ‘పెళ్లి’ ఒప్పు, ‘పెళ్ళి’ తప్పు అని అది చెబితే, ఆ నిర్ణయం ఎవరు చేశారో, ఏ పత్రిక పద్ధతిని పాటించారో తెలుసుకునే దారి వాడేవారికి లేదు.

గీత కూడా గీయకుండా నిర్ణయం తీసుకునే సాధనం ఇంకొకటి ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది తెలుగు టైపు చేసేది ఫోన్లో, అదీ ఇంగ్లీషు అక్షరాలతో. ‘ల’ కావాలో ‘ళ’ కావాలో, ‘న’ కావాలో ‘ణ’ కావాలో కీబోర్డే ఎంచి పెడుతుంది. చేత్తో రాసే పరీక్షలో అదే మాట ఎదురైనప్పుడు ఎంచుకునే పని విద్యార్థిదే అవుతుంది. ప్రాథమిక తరగతుల్లో గుణింతాలు, వత్తులు చేతికి పట్టుబడే దాకా ఇలాంటి సాయానికి దూరంగా ఉంచడమే మేలు. ఉన్నత తరగతుల్లో మాత్రం గీత పడిన పది మాటలు తీసుకుని, వాటిలో నిజమైన తప్పులేవో, కానివేవో, ఎందుకో పిల్లలచేతే చెప్పించడం మంచి వ్యాకరణ పాఠం అవుతుంది.

గోప్యత సంగతి క్లుప్తంగానైనా చెప్పుకోవాలి. పేరున్న సాధనాల్లో చాలావరకు రాతను ఇంటర్నెట్ ద్వారా తమ సర్వర్లకు పంపించుకుని పరిశీలిస్తాయి. 2018 ఫిబ్రవరిలో గ్రామర్లీ బ్రౌజర్ పొడిగింపులో ఒక భద్రతా లోపాన్ని గూగుల్ పరిశోధకుడు టావిస్ ఓర్మాండీ బయటపెట్టారు. ఇతర వెబ్‌సైట్లు వాడుకరుల పత్రాలను చేరుకోగలిగే లోపం అది, సంస్థ దాన్ని వెంటనే సరిచేసింది. ఆధార్ సంఖ్యలు, సరిహద్దుల వివరాలు, ఆసుపత్రి కాగితాలు టైపు చేసే దస్తావేజు లేఖరులకూ నెట్ కేంద్రాలకూ అందుకే ఆన్‌లైన్ సాధనం తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నా, ముందుజాగ్రత్త పడవలసింది రాసేవారే. హన్‌స్పెల్ నిఘంటువు కంప్యూటర్‌లోనే ఉండి పనిచేస్తుంది, లాంగ్వేజ్‌టూల్‌ను కూడా సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు. ఇలాంటివి తక్కువ తెలివైనవే కావచ్చు గాని, కక్షిదారు సమాచారం గడప దాటదు.

దాదాపు అన్ని స్పెల్ చెకర్లలోనూ ఉండి, ఎక్కువమంది వాడని సదుపాయం ఒకటుంది: మాటను సొంత నిఘంటువులో చేర్చుకోవడం. డీటీపీ కేంద్రంలో గాని, పంచాయతీ సచివాలయంలో గాని, స్థానిక పత్రిక కార్యాలయంలో గాని కలుజు, పాళెం, మొలగొలుకులు వంటి మాటలను, మండలంలోని ఊర్ల పేర్లను రికార్డుల్లో ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి ఎక్కిస్తే అనవసరపు గీతలు తగ్గి, మిగిలిన గీతల మీద దృష్టి నిలుస్తుంది. సొంత నిఘంటువు మామూలుగా ఒక సాదా ఫైలే కాబట్టి ఒక కంప్యూటర్ నుంచి ఇంకొకదానికి ఇచ్చుకోవచ్చు. తెలుగుకు ప్రాచీన హోదా 2008లో వచ్చింది. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఇప్పుడు నెల్లూరులోనే ఉంది. తెలుగు శాఖలున్న కళాశాలలు రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. సేద్యం, చేపల వేట, పొగాకు, నేత పనుల్లో వాడే మాటలను ఊరూరా సేకరించి, యూనికోడ్‌లో, ఎవరైనా తీసుకుని వాడుకునేలా ప్రకటించే పని వీరిలో ఎవరు చేపట్టినా, ఆ జాబితాను హన్‌స్పెల్ వంటి స్వేచ్ఛా సాధనాలు నేరుగా చేర్చుకోగలవు. అప్పుడు ‘కలుజు’ కింద గీత నెల్లూరులోనే కాదు, ఆ మాట టైపు చేసిన ఏ చోటైనా పడదు.